లండన్‌లో మనవాళ్ళని ఇండియా కేసులో అరెస్ట్ చేస్తే ఎక్స్‌ట్రడిషన్ బారిస్టర్‌ని ఎలా పెట్టుకోవాలి

"అన్నా, మా బావని పొద్దున్నే ఇంటికొచ్చి పట్టుకెళ్ళారంట, ఇండియా కేసంట, మంచి బారిస్టర్ నంబర్ ఉంటే పంపవా." ఈ మెసేజ్ నాకు ఎన్నిసార్లొచ్చిందో లెక్కలేదు, లండన్‌లోని హౌన్స్‌లో ఏరియా నుంచీ వస్తుంది, విజయవాడ నుంచీ వస్తుంది, అడిగేవాళ్ళు వేరు గానీ అడిగేది అదే, కంగారూ అదే. అందుకే మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా, ఇక ఎవరడిగినా ఇదే పంపిస్తా. నేను లాయర్ని కాదు. మా పిన్ని కొడుకు మీద ఊళ్ళో పెట్టిన చీటింగ్ కేసు లండన్ దాకా వస్తే వాడి వెంట ఏడాదిపైన కోర్టు చుట్టూ తిరిగినవాణ్ణి, ఆ తిరుగుడులో మేం చేసిన తప్పులు మీరు చేయకూడదనే ఇది. మీ కేసుకి అసలు సలహా మాత్రం మీ లాయరే ఇవ్వాలి.

ఇంకోటి, ఇది ఇంగ్లండ్, వేల్స్‌కి మాత్రమే. స్కాట్లాండ్‌లో పట్టుకుంటే కేసు ఎడిన్‌బరాలో నడుస్తుంది, అక్కడ వాదించేవాళ్ళని అడ్వకేట్లంటారు, పద్ధతి వేరు.

ముందు ఈ కాస్త తెలుసుకోండి

ఎక్స్‌ట్రడిషన్ అంటే కేసున్న మనిషిని ఆ దేశానికి అప్పగించడం. ఇండియాకీ బ్రిటన్‌కీ అప్పగింత ఒప్పందం 1992లో కుదిరింది, 1993 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ కేసు నడిచేది 2003 ఎక్స్‌ట్రడిషన్ చట్టం రెండో భాగం కింద. అమెరికా, ఆస్ట్రేలియా కూడా ఆ భాగంలోనే ఉన్నాయి గానీ వాళ్ళు సాక్ష్యం చూపించనక్కర్లేదు, ఇండియా మాత్రం ప్రైమా ఫేసీ కేసు చూపించాలి, అంటే ఇక్కడే విచారణ జరిగితే జవాబు చెప్పుకోవాల్సినంత సాక్ష్యం ఉందని జడ్జికి చూపించాలి. అరెస్ట్ మాంచెస్టర్‌లో అయినా లెస్టర్‌లో అయినా కేసు వచ్చేది లండన్‌లో మ్యారిల్‌బోన్ రోడ్డు 181లో ఉన్న వెస్ట్‌మినిస్టర్ మేజిస్ట్రేట్స్ కోర్టుకే. ఇండియా తరఫున కేసు నడిపేది సీపీఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూషన్ వాళ్ళు.

ముఖ్యమైన మాట: మీవాడు నేరం చేశాడా లేదా అన్నది ఈ కోర్టు తేల్చదు. పంపించొచ్చా లేదా అన్నదే చూస్తుంది. "మావాడు అమాయకుడు" అని నిరూపించడానికి సగం డబ్బూ సగం ఓపికా ఖర్చు పెట్టేసే కుటుంబాల్ని చూశాను, బాధేస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అరెస్ట్ వారెంట్ కాపీ, ఇండియా పంపిన రిక్వెస్ట్ కట్ట (సొలిసిటర్‌కి సీపీఎస్ ఇస్తుంది)
- ఎఫ్‌ఐఆర్, ఛార్జ్‌షీట్, అక్కడి కోర్టు ఇచ్చిన ప్రతి ఆర్డరూ, నాన్ బెయిలబుల్ వారెంట్ ఉంటే అదీ
- పాత పాస్‌పోర్టులు అన్నీ, స్టాంపులున్న పేజీలతో సహా
- వీసా కాగితాలు, మొదటిసారి వచ్చినప్పటి టికెట్టు, యూనివర్సిటీ లెటర్ లేదా ఆఫర్ లెటర్
- జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరున్న మెడికల్ రికార్డ్
- ఇంటి అద్దె అగ్రిమెంట్, జీతం స్లిప్పులు, పిల్లల స్కూల్ లెటర్ (బెయిల్‌కి)
- ఇండియాలో మీ లాయర్ పేరు, ఫోన్

స్టెప్ 1. మొదటి 24 గంటలు

అరెస్టయిన మనిషిని వీలైనంత తొందరగా కోర్టుకి తీసుకొస్తారు. ఆరోజు కోర్టులో ఎక్స్‌ట్రడిషన్‌కే డ్యూటీ సొలిసిటర్ ఉంటారు. డబ్బులివ్వక్కర్లేదు, వాళ్ళని వాడుకోండి. డ్యూటీ అంటే పనికిరానివాళ్ళు అని మనవాళ్ళ నమ్మకం, అది తప్పు, రోజూ ఇదే పని చేసేవాళ్ళు వాళ్ళు. ఇంగ్లీషులో ఇబ్బందుంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అప్పుడే చెప్పాలి, కోర్టే పెడుతుంది.

జాగ్రత్త: జడ్జి అడిగే ప్రశ్నల్లో "ఇండియా వెళ్ళడానికి ఒప్పుకుంటావా" అనేది ఒకటి. భయంలోనో, "వెళ్ళి తేల్చుకుంటా" అన్న రోషంలోనో ఒప్పుకుని సంతకం పెడితే వెనక్కి తీసుకోవడం కుదరదు. వెళ్ళడమే మంచిదని లాయర్‌తో కూర్చుని నిర్ణయించుకుంటే వేరే సంగతి, మొదటిరోజు మాత్రం వద్దు.

స్టెప్ 2. ముందు సొలిసిటర్, తర్వాత బారిస్టర్

మనకి వకీలంటే ఒక్కరే, ఆఫీసులో కాగితాలు రాసేదీ ఆయనే కోర్టులో వాదించేదీ ఆయనే. ఇక్కడ రెండు వేరు. సొలిసిటర్ కేసు నడుపుతారు, కాగితాలు ఫైల్ చేస్తారు, జైలుకెళ్ళి కలుస్తారు, ఎక్స్‌పర్ట్‌లని మాట్లాడతారు. బారిస్టర్ కోర్టులో వాదిస్తారు, వాదన రాస్తారు. పబ్లిక్ యాక్సెస్ ఉన్న బారిస్టర్‌ని నేరుగా పెట్టుకోవచ్చు గానీ వాళ్ళలో ఎక్కువమంది కేసు నడిపే పని చేయలేరు, ఫైలింగులూ ఉత్తరాలూ మీ నెత్తినే పడతాయి. లోపల మనిషి ఉండి, ఇండియా నుంచి ఐదొందల పేజీలు వచ్చిన కేసుకి ఆ దారి నేనైతే వద్దంటా. ఒకసారి సెకండ్ ఒపీనియన్ తీసుకోవడానికైతే బాగుంటుంది.

సొలిసిటర్‌ని చూసేటప్పుడు ఎస్‌ఆర్‌ఏ (సొలిసిటర్లని నియంత్రించే సంస్థ) రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడండి. వీసా పని చేసిపెట్టినాయన ఎంత మంచివాడైనా ఈ కేసు ఆయనకివ్వొద్దు, మేం చేసిన మొదటి తప్పు అదే. మనవాడే, తెలుగులో మాట్లాడతాడు, ఫీజు వాయిదాల్లో తీసుకుంటానన్నాడు అని ఇచ్చాం, మూడు నెలల తర్వాత తెలిసింది ఆయన మ్యారిల్‌బోన్ రోడ్డు కోర్టులో అడుగు పెట్టడమే అది మొదటిసారని.

స్టెప్ 3. బారిస్టర్ నిజమా కాదా చూసుకోవడం

బార్ స్టాండర్డ్స్ బోర్డ్ వెబ్‌సైట్‌లో బారిస్టర్స్ రిజిస్టర్ ఉంటుంది, ఫ్రీ. పేరు కొట్టండి. చూడాల్సినవి మూడు: ప్రస్తుతం ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ ఉందా, పబ్లిక్ యాక్సెస్ ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా. విజిటింగ్ కార్డు మీద బారిస్టర్ అని ఉన్నంత మాత్రాన వాదించే హక్కున్నట్టు కాదండీ. లండన్‌లో బార్‌కి కాల్ అయి, అంటే బారిస్టర్ అన్న హోదా తీసుకుని, తర్వాత శిక్షణ పూర్తిచేయకుండా ఆగిపోయినవాళ్ళు చాలామంది, వాళ్ళని అన్‌రిజిస్టర్డ్ బారిస్టర్లంటారు, ఆ హోదాతో కోర్టులో మీ తరఫున నిలబడలేరు.

తర్వాత అనుభవం. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ ఫైండ్ కేస్ లా, ఇంకా బెయిలీ (BAILII) అనే సైటు, రెండిట్లో ఇక్కడి హైకోర్టు తీర్పులుంటాయి. తీర్పు పైభాగంలోనే ఎవరి తరఫున ఎవరు వాదించారో ఉంటుంది. ఉదాహరణకి 2020లో విజయ్ మాల్యా అప్పీల్ తీర్పు, 2018లో క్రికెట్ ఫిక్సింగ్ కేసులో సంజీవ్ చావ్లా తీర్పు తెరిచి చూడండి, ఏ పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయో మీకే అర్థమవుతుంది. మాల్యాకీ, వెస్ట్‌మినిస్టర్ కోర్టులో నీరవ్ మోడీకీ వాదించింది క్లేర్ మాంట్‌గొమరీయే. అంత పెద్ద పేరు మీకు అక్కర్లేదు, మీ కేసు సైజుకి జూనియర్ బారిస్టర్ సరిపోవచ్చు, ఇక్కడ జూనియర్ అంటే కుర్రాడని కాదు, కేసీ (కింగ్స్ కౌన్సెల్, సీనియర్లకిచ్చే హోదా) కాని ప్రతి బారిస్టరూ జూనియరే, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నా.

"ఈయన పోయినసారి ఇండియా తరఫున వాదించాడంట, మనకొద్దు" అని ఒకాయన మంచి బారిస్టర్‌ని వదులుకున్నారు. ఇక్కడ ఒకే మనిషి ఒక కేసులో ప్రభుత్వం తరఫున, ఇంకో కేసులో ముద్దాయి తరఫున వాదించడం మామూలే. ఇండియా కాగితాలు ఎలా తయారవుతాయో, ఎక్కడ లొసుగులుంటాయో అలాంటివాళ్ళకే బాగా తెలుస్తుంది.

స్టెప్ 4. అడగాల్సిన ప్రశ్నలు

బారిస్టర్ల ఆఫీసుని చేంబర్స్ అంటారు, ఫోన్ ఎత్తేది క్లర్క్. మనూరి గుమాస్తా అనుకోకండి, ఫీజు మాట్లాడేదీ డైరీ చూసేదీ ఆయనే, మర్యాదగా మాట్లాడండి, సూటిగా అడగండి:

- రెండో భాగం కేసులు ఎన్ని చేశారు? (లండన్‌లో ఎక్కువమంది చేసేది యూరప్ వారెంట్లు, పోలాండ్, రొమేనియా లాంటివి, వాటిల్లో ప్రైమా ఫేసీ గొడవే ఉండదు)
- ఇండియా కేసు చేశారా, ఏ జైలు మీద వాదన జరిగింది?
- అసలు విచారణకి ఈయనే వస్తారా, ఆఖరి నిమిషంలో ఇంకొకర్ని పంపుతారా?
- అప్పీల్ దాకా ఉంటారా?

గెలుపు గ్యారంటీ అన్నవాళ్ళ దగ్గర్నుంచి వెంటనే లేచి వచ్చేయండి. మంచి బారిస్టర్ మొదటి మీటింగ్‌లోనే మీ కేసులో బలహీనత ఏంటో చెప్తారు, వినడానికి కష్టంగా ఉంటుంది, ఆ కష్టం చెప్పినవాళ్ళనే పెట్టుకోండి. ఆ మీటింగ్‌ని కాన్ఫరెన్స్ అంటారు, మనిషి వాండ్స్‌వర్త్ జైల్లో ఉంటే వీడియోలో కూడా జరుగుతుంది.

స్టెప్ 5. డబ్బు

బ్రీఫ్ ఫీజు అంటే తయారీకీ మొదటిరోజు వాదనకీ కలిపి. ఆ తర్వాత ప్రతి రోజుకీ రిఫ్రెషర్ అని వేరే. మూడు రోజుల విచారణైతే ఒక బ్రీఫ్ ఫీజు, రెండు రిఫ్రెషర్లు. దీనికి వ్యాట్ కలుపుతున్నారా, విచారణ వాయిదా పడితే బ్రీఫ్ ఫీజులో ఎంత పోతుంది, ఇవి కాగితం మీద రాయించుకోండి. ఎక్స్‌పర్ట్ ఫీజు, అనువాదం ఖర్చు అందులో ఉండవు. బారిస్టర్ సాధారణంగా క్లయింట్ డబ్బు దాచిపెట్టుకోకూడదు, "కేసు అయ్యేదాకా నా పర్సనల్ అకౌంట్‌లో వేసి ఉంచండి" అని ఎవరైనా అంటే అనుమానించండి.

లీగల్ ఎయిడ్ ఉంది, ఆదాయం లెక్క చూసి ఇస్తారు. ఉద్యోగం పోయినా, భార్య జీతం మీద బతుకుతున్నా ముందు అప్లై చేయించండి, లేదనుకుని ఊళ్ళో పొలం అమ్మేయొద్దు.

స్టెప్ 6. బెయిల్

ఇంకా శిక్ష పడని, ఆరోపణ మాత్రమే ఉన్న కేసుల్లో చట్టం బెయిల్ వైపే మొగ్గుతుంది. కానీ జడ్జి ముఖ్యంగా చూసేది, పారిపోతాడా అని. కాబట్టి పాస్‌పోర్టు అప్పగించడం, ఒకే అడ్రస్‌లో ఉండడం, రాత్రిళ్ళు ఇంట్లోనే కాలికి ట్యాగ్‌తో ఉండడం, పోలీస్ స్టేషన్‌లో సంతకం, వీటికి సిద్ధపడి ప్లాన్ ముందే రాసుకెళ్ళాలి. సెక్యూరిటీ అంటే ముందే కట్టే డబ్బు, ష్యూరిటీ అంటే వాడు పారిపోతే నేను కడతానని ఇచ్చే హామీ. రెండూ ఒకటి కావు, ష్యూరిటీ ఇచ్చే బంధువుకి ఈ తేడా విడమరిచి చెప్పండి, పాపం ఉత్త సంతకమే అనుకుంటారు.

మాల్యాకి 2017లో 6,50,000 పౌండ్ల మీద బెయిల్ వచ్చింది. నీరవ్ మోడీ 40 లక్షల పౌండ్లు ఇస్తానన్నా 2019లో రాలేదు. డబ్బొక్కటే సరిపోదని తెలియడానికి చెప్తున్నా. మొదటి అప్లికేషన్ హడావుడిగా సగం కాగితాలతో పెట్టి పోగొట్టుకోవద్దు, రెండు రోజులు ఆలస్యమైనా పూర్తిగా తయారై వెళ్ళడం మేలు, కాదంటే హైకోర్టుకెళ్ళే దారీ ఉంది.

స్టెప్ 7. ఇంటి నుంచి మీరు చేయాల్సిన పని

కేసు నిలబడేదీ పడేదీ ఎక్కువసార్లు ఇక్కడే, బారిస్టర్ ఎంత గొప్పవాడైనా మీరు తెచ్చిచ్చిన కాగితాల మీదే వాదించాలి.

పాస్‌పోర్టు స్టాంపు. ఆలస్యం మీద వాదన ఉంది, నేరం జరిగిందన్న రోజు నుంచి చాలా ఏళ్ళు గడిచి ఇప్పుడు పంపడం అన్యాయం అని. కానీ మనిషి కేసు తెలిసి తప్పించుకుని వచ్చాడని తేలితే ఆ వాదన దాదాపు పోయినట్టే. అందుకే దేశం దాటిన తేదీ, ఎఫ్‌ఐఆర్ తేదీ పక్కపక్కన పెట్టి చూడాలి. మావాడి పాత పాస్‌పోర్టు పిన్ని బీరువాలో పట్టుచీరల మధ్య దొరికింది, శంషాబాద్ ఇమ్మిగ్రేషన్ స్టాంపు సగం చెరిగిపోయి ఉంది గానీ తేదీ కనిపిస్తోంది, ఎఫ్‌ఐఆర్‌కి ఐదు నెలల ముందు. ఆ ఒక్క పేజీ స్కాన్ చూసి బారిస్టర్ కళ్ళజోడు తీసి, "ఇది మీరు మొదటిరోజే ఇచ్చుండాల్సింది" అన్నారు. ఏడు నెలలు అది బీరువాలోనే ఉంది.

పోలీస్ స్టేట్‌మెంట్లు. సీఆర్‌పీసీ 161 కింద (2024 జూలై నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 180) ఇండియా పోలీసులు రాసిన సాక్షుల వాంగ్మూలాలు పక్కపక్కన పెట్టి లైను లైనూ చదవండి. అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయా, ఒకే స్పెల్లింగ్ తప్పు ముగ్గురి మాటల్లోనూ ఉందా. మాల్యా కేసులో కూడా ఇది వాదించారు, ఆయన్ని అది గట్టెక్కించలేదు గానీ చిన్న కేసుల్లో సాక్ష్యమే రెండు మూడు వాంగ్మూలాలైతే ఇది పెద్ద విషయం. తెలుగులో ఉన్న అసలునీ ఇంగ్లీషు అనువాదాన్నీ పోల్చే పని మీరు చేయగలిగినంత బాగా లండన్ లాయర్ చేయలేడు. "అప్పు తీసుకున్నాడు" అన్నది అనువాదంలో "మోసం చేసి తీసుకున్నాడు" అయితే కేసే మారిపోతుంది.

నేరం రెండుచోట్లా నేరమేనా. కనీసం 12 నెలల శిక్ష పడే నేరం అయ్యుండాలి, అదీ రెండు దేశాల్లో. సెక్షన్ నంబర్ కాదు, చేశాడంటున్న పని ఇక్కడ నేరమా అని చూస్తారు. వరకట్నం కేసుల్లో మనవాళ్ళు "కట్నం ఇక్కడ నేరం కాదు కదా" అని ధీమాగా ఉంటారు. కట్నం అన్న మాట పక్కన పెడితే కొట్టడం, బెదిరించడం, మానసికంగా హింసించడం ఇక్కడా నేరాలే, 2015 నుంచి భార్యని గుప్పిట్లో పెట్టుకుని వేధించడం కూడా విడిగా నేరం. ఆ ధీమా వద్దు.

జైలు. మానవహక్కుల వాదన ఎక్కువగా దీని మీదే నడుస్తుంది. చావ్లా కేసులో 2017లో కింది కోర్టు తిహార్ పరిస్థితులు చూసి వదిలేసింది, 2018లో ఇండియా హామీలిచ్చాక హైకోర్టు తిరగేసింది, 2020 ఫిబ్రవరిలో పంపించేశారు. మాల్యా కేసులో ఆర్థర్ రోడ్ జైలు 12వ బ్యారక్ వీడియో తీసి పంపారు. అదే ఆయుధాల డీలర్ సంజయ్ భండారీ కేసులో 2025 ఫిబ్రవరిలో హైకోర్టు తిహార్‌లో బెదిరింపు వసూళ్ళు, హింస ప్రమాదం చూసి వదిలేసింది. దీన్నిబట్టి ఏం చేయాలంటే, మీవాణ్ణి ఏ జైల్లో పెడతారో ముందు తేల్చండి. చంచల్‌గూడా, చర్లపల్లా, రాజమండ్రా, కడపా? తిహార్ రిపోర్టు తెచ్చి చర్లపల్లికి అతికిస్తే నిలబడదు. ఆ జైలు గురించే తాజా సమాచారం కావాలి.

ఆరోగ్యం. ఇక్కడి డాక్టర్, అవసరమైతే ఇక్కడి సైకియాట్రిస్ట్ రిపోర్ట్ కావాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ లెటర్ పనికిరాదు. మనసు బాలేకపోతే అది కేసుకోసం కాదు, మనిషి కోసం ముందు చూపించండి, జైల్లో ఒంటరిగా ఉన్నవాళ్ళు ఎంత కుంగిపోతారో నేను కళ్ళారా చూశాను.

ఎక్స్‌పర్ట్. పెద్ద పేరు కాదు, నిలకడ ముఖ్యం. నీరవ్ మోడీ కేసులో రిటైర్డ్ సుప్రీంకోర్టు జడ్జి మార్కండేయ కట్జూ సాక్ష్యమిచ్చినా 2021 తీర్పులో జడ్జి దానికి పెద్దగా విలువివ్వలేదు. ఎక్స్‌పర్ట్ మీ తరఫు వకీలులా మాట్లాడకూడదు, మీకు నచ్చని మాట కూడా రాయగలిగినవాళ్ళయితేనే జడ్జి నమ్ముతారు.

స్టెప్ 8. జడ్జి పంపొచ్చు అన్నాక

ఫైలు హోమ్ సెక్రటరీకి వెళ్తుంది. అర్జీ పెట్టుకోవడానికి నాలుగు వారాలు, నిర్ణయానికి మామూలుగా రెండు నెలలు. ఇక్కడ పెద్ద పొరపాటు జరుగుతుంది: పిల్లలు చిన్నవాళ్ళు, అమ్మకి గుండెజబ్బు అని పది పేజీల ఉత్తరాలు, ఎంపీ సంతకాలు పంపుతారు. ఆ దశలో హోమ్ సెక్రటరీ చూడగలిగేవి కొన్నే, ఉరిశిక్ష ఉందా, అడిగిన నేరానికి కాకుండా వేరేదానికి విచారిస్తారా, అంతకుముందు వేరే దేశం నుంచి తెచ్చిన మనిషా. మిగతావన్నీ జడ్జి ముందే చెప్పాలి.

హోమ్ సెక్రటరీ ఆర్డర్ చెప్పిన రోజు నుంచి 14 రోజుల్లో హైకోర్టులో అప్పీల్‌కి పర్మిషన్ అడగాలి. ఆ చెప్పిన రోజు కూడా లెక్కలోకే వస్తుంది. 3వ తారీఖున చెప్తే 16తో అయిపోతుంది, 17 కాదు. గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసిపెట్టండి, సొలిసిటర్‌కి పదో రోజున ఫోన్ చేసి ఫైల్ చేసిన కాపీ అడగండి. మీవాణ్ణి వదిలేసినా సంబరం కాస్త ఆపండి, అవతలివాళ్ళకీ అప్పీల్‌కి 14 రోజులుంటాయి.

అరెస్ట్ కాదు, నోటీసు వచ్చింది అంటే

ఇది వేరే, మ్యూచువల్ లీగల్ అసిస్టెన్స్ అంటారు. ఇండియా కోర్టు సాక్ష్యం కోసం లెటర్ రొగేటరీ పంపుతుంది, అది ఢిల్లీలో కేంద్ర హోం శాఖ ద్వారా ఇక్కడి హోమ్ ఆఫీస్‌లోని సెంట్రల్ అథారిటీకి వస్తుంది, అక్కణ్ణుంచి మీ బ్యాంకుకో మీకో. అప్పగింత చేసే బారిస్టర్లే చాలావరకు ఇదీ చేస్తారు. ఫోన్ చేసి "ఊరికే రెండు ప్రశ్నలు, మీరే వచ్చి చెప్పండి" అంటే లాయర్ లేకుండా వెళ్ళొద్దు, మెయిళ్ళూ స్టేట్‌మెంట్లూ మీరే పంపొద్దు, అలాగని ఒక్క మెయిల్ కూడా డిలీట్ చేయొద్దు, అది కొత్త నేరం అవుతుంది. సాక్షిగా పిలిచినా మీ మీదకే వచ్చే ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండే హక్కు ఉంటుంది, దాన్ని ఎప్పుడు ఎలా వాడాలో బారిస్టర్ దగ్గర ముందే కూర్చుని తెలుసుకోండి.

పదేపదే చూసే తప్పులు

హైదరాబాద్‌లో ఒకమాట, లండన్‌లో ఒకమాట. అక్కడి హైకోర్టులో కేసు కొట్టేయమని పెట్టే పిటిషన్‌లో అఫిడవిట్ ఇస్తారు చూడండి, అది ఇక్కడి సీపీఎస్ చేతికీ వస్తుంది. అక్కడి వకీలు, ఇక్కడి సొలిసిటర్ ఒక్కసారైనా ఒకే కాల్‌లో మాట్లాడుకోవాలి, ఆ కాల్ పెట్టించే బాధ్యత మీదే.

ఇంటర్‌పోల్ రెడ్ కార్నర్ నోటీస్ తీయించేస్తే కేసు పోతుందనుకోవడం. బ్రిటన్‌లో ఆ నోటీసే అరెస్ట్ వారెంట్ కాదు, అది పోయినా ఇండియా రిక్వెస్ట్ పోదు. ఇంటర్‌పోల్ ఫైళ్ళ కమిషన్‌కి అప్లికేషన్ ఫ్రీ, దానికి లక్షలు అడిగే ఏజెంట్లని నమ్మకండి.

ఫిర్యాదు చేసినవాళ్ళకి ఊళ్ళో పెద్దమనుషుల చేత ఫోన్లు చేయించడం. రాజీ మాట్లాడితే వకీలు ద్వారానే. లేకపోతే సాక్షుల్ని బెదిరించాడని బెయిల్ పోతుంది.

మీ లాయర్ పని చేస్తున్నాడా లేదా ఎలా తెలుస్తుంది

నెల తిరిగేసరికి మీ దగ్గర ఇవి ఉండాలి: ఏయే పాయింట్ల మీద అడ్డుకుంటున్నామో రాసిన లిస్టు, కోర్టు ఇచ్చిన తేదీల కాగితం, ఎక్స్‌పర్ట్ ఎవరో, రిపోర్ట్ ఎప్పటికో. విచారణకి ముందు బారిస్టర్ రాసిన స్కెలిటన్ ఆర్గ్యుమెంట్ (కోర్టుకి ముందే ఇచ్చే రాత వాదన) కాపీ అడిగి చదవండి. మీవాడి పేరు, తేదీలు, జైలు పేరు సరిగ్గా ఉన్నాయో చూడండి, మా దాంట్లో మొదటి డ్రాఫ్ట్‌లో చర్లపల్లికి బదులు వేరే కేసులోంచి వచ్చిన తిహార్ అని ఉండిపోయింది, పట్టుకున్నది పదో క్లాసు చదివే మా చెల్లెలి కూతురు. ఆ రోజు నుంచి ప్రతి కాగితం పంపేముందు ఇంట్లో ఇద్దరు చదివాకే ఓకే చెప్పేవాళ్ళం.